పరిశోధక విద్యార్థుల ఆన్‌లైన్ అధ్యయన బృందం: మొదలుపెట్టడం ఎలా, నిలబెట్టుకోవడం ఎలా

పీహెచ్‌డీ చేస్తున్నవారి ఫోనులో 'రీసెర్చ్ స్కాలర్స్' పేరుతో కనీసం ఒక వాట్సాప్ గ్రూపు ఉంటుంది. పండుగ శుభాకాంక్షలు, ఉద్యోగ ప్రకటనలు, 'ఈ పుస్తకం పీడీఎఫ్ ఎవరి దగ్గరైనా ఉందా' అనే అభ్యర్థనలు, మధ్యలో 'పదిహేను రోజుల్లో పేపరు అచ్చు వేయిస్తాం' అనే దళారుల సందేశాలు అందులో వస్తూ ఉంటాయి. వందల మంది సభ్యులు ఉంటారు. కానీ తన అధ్యాయం ముసాయిదా పెట్టి 'నా వాదన ఇక్కడ నిలబడుతోందా?' అని అడిగే ధైర్యం వారిలో ఎవరికీ ఉండదు. అలా అడిగితే నవ్వుతారనో, ఎత్తుకుపోతారనో, ఎవరూ పట్టించుకోరనో భయం. ఈ మూడు భయాలూ అకారణమైనవి కావు.

సగం రాసిన పనిని నిర్భయంగా చూపించుకోగల చిన్న బృందాన్ని తయారుచేసుకోవడం గురించే ఈ మార్గదర్శి. దీని అవసరం ఎక్కువగా ఉన్నది డిగ్రీ కళాశాలలోనో ప్రభుత్వ కొలువులోనో పనిచేస్తూ పార్ట్‌టైంగా పరిశోధన చేస్తున్నవారికి, విశ్వవిద్యాలయానికి దూరంగా ఉన్న జిల్లాల వారికి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీస గడువు మూడేళ్లు, గరిష్ఠ గడువు ఆరేళ్లు. తిరిగి నమోదు చేసుకుంటే మరో రెండేళ్ల వరకు అవకాశం ఉంటుంది. ఒక ప్రొఫెసర్ ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి వరకు మార్గదర్శకత్వం వహించవచ్చు. ఎంత మంచి గైడైనా పాఠాలు, పరీక్షలు, పాలనా పనుల తర్వాత మిగిలిన సమయాన్ని వీరందరికీ పంచాలి. ఒక్కో ముసాయిదాను రెండు మూడు సార్లు చదివే తీరిక ఆయనకు ఉండదు. ఆ ఖాళీని తోటి స్కాలర్లే పూరించుకోవాలి.

1. ఎవరు, ఎంతమంది

ఆరు నుంచి పది మంది. అంతకన్నా తక్కువైతే ఇద్దరు ఊరెళ్లిన వారం సమావేశం జరగదు. ఎక్కువైతే ఒక్కొక్కరి వంతు రావడానికి నెలలు పడుతుంది, మాట్లాడని వారు మౌనంగా కలిసిపోతారు. పెద్ద గ్రూపు ఇప్పటికే ఉంటే దాన్ని మూసేయనక్కర్లేదు. ప్రకటనలకు దాన్ని అలాగే ఉంచి, చదువుకునే చిన్న బృందాన్ని వేరుగా పెట్టుకోండి.

సభ్యులంతా ఒకే అంశం మీద పనిచేయాల్సిన అవసరం లేదు, చేయకపోవడమే మేలు. చరిత్ర, సమాజశాస్త్రం, తెలుగు సాహిత్యం, అర్థశాస్త్రం వంటి ఇరుగుపొరుగు శాఖల వారైతే ఒకరి వాదన మరొకరికి అర్థమవుతుంది, పోటీ మాత్రం ఉండదు. విజ్ఞానశాస్త్రాల వారు తమలో తాము వేరే బృందం పెట్టుకోవడం మంచిది. ప్రయోగశాల పనికీ గ్రంథాలయ పనికీ లయ వేరు. కోర్సువర్క్ చేస్తున్నవారు ఇద్దరు, క్షేత్రపర్యటనలో ఉన్నవారు ఇద్దరు ముగ్గురు, రాతలో మునిగినవారు ఇద్దరు ఉంటే ముందున్నవారి అనుభవం వెనుక ఉన్నవారికి అందుతుంది.

ఒకే గైడు దగ్గర పనిచేసేవారు ఇద్దరికి మించకుండా చూడండి. లేకపోతే ఆ గైడు అభిరుచే బృందం అభిరుచి అవుతుంది, ఆయన గదిలోని రాజకీయాలు ఇక్కడికీ వస్తాయి. అధ్యాపకులు ఈ చిన్న బృందంలో సభ్యులుగా ఉండకూడదని నా గట్టి అభిప్రాయం. ఆరు నెలలకోసారి ఒకరిని అతిథిగా పిలవండి, గౌరవంగా వినండి. మార్కులు వేయగలవారు గదిలో ఉంటే మాత్రం ఎవరూ తమకు తెలియనిది తెలియదని చెప్పరు.

2. ఆహ్వానానికి ముందే ఒడంబడిక

2009 జనవరిలో కేంబ్రిడ్జి గణితవేత్త తిమొతీ గవర్స్, ఒక గణిత సమస్యను ఎవరైనా పాల్గొనగలిగేలా ఆన్‌లైన్‌లో బహిరంగంగా పరిష్కరించవచ్చా అని ప్రతిపాదించాడు. పాలీమాత్ పేరుతో సాగిన ఆ ప్రయత్నంలో టెరెన్స్ టావ్ వంటి దిగ్గజాలతో పాటు పెద్దగా పేరులేనివారూ పాల్గొన్నారు. హేల్స్-జ్యూయెట్ సిద్ధాంతపు ఒక రూపానికి కొత్త నిరూపణ రెండు నెలలలోపే దొరికింది. దాన్ని డి.హెచ్.జె. పాలీమాత్ అనే ఉమ్మడి పేరుతో ప్రచురించారు. మనకు పనికొచ్చే సంగతి, పని మొదలుకాక ముందే గవర్స్ నియమాలు రాసి పెట్టడం. వ్యాఖ్యలు చిన్నవిగా, మర్యాదగా ఉండాలి. పూర్తిగా ఆలోచించని ఊహనైనా చెప్పవచ్చు. ఒంటరిగా కూర్చుని అంతా సాధించుకుని వచ్చి చూపించడం కన్నా, తోచిన చిన్న అడుగును వెంటనే అందరి ముందు పెట్టడం మేలు. అలాంటి హామీ ముందే ఉంటే కొత్తవారికి నోరు పెగులుతుంది.

మీ ఒడంబడిక ఒక పేజీ దాటకూడదు. అందులో ఈ విషయాలు తప్పక ఉండాలి.

ముసాయిదా బృందం దాటి పోకూడదు. రాసినవారి అనుమతి లేకుండా ఎవరికీ పంపకూడదు, అందులోని సమాచారాన్ని వాడకూడదు, స్క్రీన్‌షాట్ తీయకూడదు. ముసాయిదా పెట్టిన తేదీ ఉమ్మడి ఫోల్డరులో నమోదై ఉంటుంది కాబట్టి ఆలోచన ఎవరిదన్న తగవు వస్తే చూసుకోవడానికి ఆధారం ఉంటుంది.

వ్యాఖ్య ఇచ్చినంత మాత్రాన సహరచయిత కారు. కృతజ్ఞతలలో పేరు రాస్తే చాలు. ఇద్దరు కలిసి వ్యాసం రాయాలనుకుంటే ఎవరు ఏ పని చేస్తారు, పేర్లు ఏ వరుసలో ఉంటాయి అన్నది మొదటి వాక్యం రాయకముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

చర్చ తెలుగులో జరగవచ్చు, ముసాయిదా ఏ భాషలోనైనా ఉండవచ్చు. డిగ్రీ దాకా తెలుగు మాధ్యమంలో చదివి ఇప్పుడు ఇంగ్లిషులో థీసిస్ రాస్తున్నవారు మన దగ్గర చాలామంది. వారి ముసాయిదాలో మొదటి చూపుకే కనిపించేవి వ్యాకరణ దోషాలు, వాటిని ఎత్తిచూపడం అన్నిటికన్నా తేలిక పని. అందుకే రాసినవారు అడిగితే తప్ప భాషాదోషాల జోలికి పోకూడదని నియమం పెట్టండి. వాదనలో బలం ఉంటే వాక్యాలను తర్వాత సరిచేసుకోవచ్చు. వాదనే మారిపోయేటట్టుంటే ఇప్పుడు వాక్యాలు దిద్దడం వృథా శ్రమ.

గైడుల గురించి వ్యక్తిగత కబుర్లు రాతలో పెట్టకూడదు. బాధ చెప్పుకోవాలంటే మాటల్లో చెప్పుకోవచ్చు. రాసిన సందేశం ఎక్కడికి ప్రయాణిస్తుందో ఎవరూ చెప్పలేరు.

3. సాధనాలు తక్కువగా

వాట్సాప్‌ను సమయం, లింకు, వాయిదా చెప్పుకోవడానికే వాడండి. అందులో చర్చ మొదలుపెడితే మూడు రోజుల తర్వాత వెతికినా దొరకదు. చర్చకు టెలిగ్రాం నయం. అంశాల వారీగా విభాగాలు పెట్టుకోవచ్చు, కొత్తగా చేరినవారికి పాత చర్చ కనిపించేలా అమర్చుకోవచ్చు.

సమావేశానికి ఖర్చు పెట్టనక్కర్లేదు. ముగ్గురు గానీ అంతకన్నా ఎక్కువమంది గానీ కలిస్తే గూగుల్ మీట్ ఉచిత ఖాతాలో గంట, జూమ్‌లో 40 నిమిషాలు దొరుకుతాయి. ఆ 40 నిమిషాల హద్దు నిజానికి మేలే చేస్తుంది, ఒక ముసాయిదా చర్చకు అంతకన్నా ఎక్కువ సమయం పట్టకూడదు. వీడియో తప్పనిసరి చేయకండి. డేటా చాలక కొందరు, ఇంటి గది చూపించడం ఇష్టం లేక కొందరు మాటతోనే పాల్గొంటారు. సభ్యుల్లో ఒకరైనా ఫోను మీదే ఆధారపడి ఉంటే, ముసాయిదా ఫైలు ఫోనులో సరిగా తెరుచుకుంటోందో లేదో ముందుగా పంపి చూడండి.

ఉమ్మడి గ్రంథసూచికి జొటేరో అనే సాఫ్ట్‌వేర్ వాడండి. ఉచితం, సభ్యుల సంఖ్యకు పరిమితి లేదు. అయితే ఉచిత నిల్వ 300 ఎంబీ మాత్రమే, అదీ గ్రూపు సృష్టించినవారి ఖాతాలోంచే పోతుంది. కాబట్టి పుస్తకాల వివరాలు, నోట్సు మాత్రం ఉమ్మడిగా ఉంచి, పీడీఎఫ్‌లను ఎవరివి వారి దగ్గరే పెట్టుకోవాలి.

తెలుగులో థీసిస్ రాసేవారికి ఇంకో చిక్కు ఉంది. డీటీపీ కేంద్రాలలో అను ఫాంట్లతో టైపు చేయించిన అధ్యాయం మరొకరి కంప్యూటర్‌లో పిచ్చి గీతలుగా తెరుచుకుంటుంది, అందులో ఒక్క మాట వెతకలేరు, పక్కన వ్యాఖ్య రాయలేరు. మొదటి నుంచీ యూనికోడ్‌లోనే రాయాలన్నది బృందం నియమం కావాలి. ఇప్పటికే అనులో ఉన్నదాన్ని మార్చి, ఒత్తులు, సున్నాలు ఒకసారి కళ్లతో సరిచూసుకోవాలి. మార్పిడిలో తడబడేవి ఎక్కువగా అవే.

4. మొదటి రెండు నెలలు

మొదటి సమావేశంలో ఎవరూ ముసాయిదా పెట్టరు, పెట్టమని ఒత్తిడి చేయకండి. ఒక్కొక్కరు ఐదు నిమిషాల్లో తన ప్రశ్న ఏమిటో, ఎక్కడ ఆగిపోయారో చెప్పాలి. సినాప్సిస్‌లో రాసిన శీర్షిక చదివితే సరిపోదు. ఇరుగుపొరుగు వారికి ఎలా చెబుతారో అలా చెప్పాలి. ఒడంబడిక చదివి మార్పులు చేసుకోండి.

రెండో వారం నుంచి మౌన రచన మొదలుపెట్టండి. అందరూ ఒకే సమయంలో ఆన్‌లైన్‌లోకి వచ్చి, రాయబోయేది ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పి, మైకులు ఆపేసి 25 నిమిషాలు రాస్తారు. ఐదు నిమిషాల విరామం, మళ్లీ 25 నిమిషాలు. చివర ఏం జరిగిందో ఒక్క వాక్యంలో చెబుతారు. వినడానికి ఇది పిల్లల ఆటలా ఉంటుంది, పని మాత్రం చేస్తుంది. ఉద్యోగం, పిల్లలు, వంట మధ్య నలిగే వారికి 'నాకు సమావేశం ఉంది' అని తలుపు వేసుకునే హక్కు దొరుకుతుంది. 'నేను రాసుకోవాలి' అంటే ఇంట్లో ఎవరూ వినరు, సమావేశం అంటే వింటారు.

వేళ నిర్ణయించేటప్పుడు జాగ్రత్త. రాత్రి ఏడు, ఎనిమిది గంటలు మగవారికి తీరిక సమయం, చాలామంది స్త్రీలకు వంటింటి సమయం. తెల్లవారుజామున ఐదున్నర గానీ, రాత్రి తొమ్మిదిన్నర తర్వాత గానీ మీ బృందంలోని స్త్రీలు ఏది అనుకూలం అంటే అదే ఖాయం చేయండి.

తొలి ముసాయిదాను మూడో నెల మొదట్లో పెట్టవచ్చు. దాన్ని పెట్టాల్సింది అందరికన్నా సీనియర్. పని బాగా ముందుకు సాగినవారు తమ అసంపూర్ణమైన పేజీలు చూపిస్తే మిగతావారికి భయం తగ్గుతుంది. పరిశోధన సలహా సంఘం ముందు ప్రతి సెమిస్టరూ ప్రగతి చూపాల్సి ఉంటుంది కాబట్టి, ఎవరి సమీక్ష ఎప్పుడుందో ఒక పట్టిక వేసి, సమీక్షకు మూడు వారాల ముందు వారి వంతు వచ్చేలా అమర్చండి.

5. ముసాయిదా చదవడం

బృందం నిలబడేదీ కూలేదీ ఇక్కడే.

ఒకసారికి పది పేజీలకు మించకూడదు. నలభై పేజీల అధ్యాయం పంపితే ఎవరూ చదవరు, చదివినట్టు నటిస్తారు. సమావేశానికి ఐదు రోజుల ముందు పంపాలి. పైన సగం పేజీ నోటు ఉండాలి: ఈ భాగం థీసిస్‌లో ఎక్కడ వస్తుంది, ఇది ఎన్నో ముసాయిదా, నాకు జవాబు కావలసిన రెండు మూడు ప్రశ్నలు ఏవి. ప్రశ్నలు లేకుండా పంపిన ముసాయిదాను వెనక్కి పంపండి, మొహమాటపడకండి. 'అందరూ చదివి సలహాలివ్వండి' అంటే ఎవరూ బాధ్యత తీసుకోరు. ప్రతి ముసాయిదాకూ ఇద్దరు చదువరులను పేరు పెట్టి నియమించాలి, ఒకరు అదే శాఖవారు, ఒకరు వేరే శాఖవారు. మిగతావారు చదివితే సంతోషం.

సమావేశంలో మొదట ఒక చదువరి, ముసాయిదా ఏం చెబుతోందో తన మాటల్లో రెండు నిమిషాలు చెప్పాలి. మెచ్చుకోవడం, తప్పుపట్టడం రెండూ వద్దు. తాను చెప్పాలనుకున్నదానికీ చదివినవారికి అందినదానికీ ఉన్న దూరం రాసినవారికి అప్పుడే తెలిసిపోతుంది. చాలాసార్లు ఈ రెండు నిమిషాలే మొత్తం చర్చకన్నా ఎక్కువ మేలు చేస్తాయి. తర్వాత చదువరులు వ్యాఖ్యలు చెప్పేంతవరకు రాసినవారు మాట్లాడకూడదు. ఇది కష్టం. 'అది కాదండీ, నా ఉద్దేశం ఏమిటంటే' అని నోటిదాకా వస్తుంది. కానీ ఆ వివరణ పేజీ మీద లేకపోతే పరీక్షకుడికీ దొరకదు. బయటి పరీక్షకులు కనీసం ఇద్దరు థీసిస్ చదువుతారు, వారి పక్కన మనం కూర్చుని వివరించలేం.

వ్యాఖ్యల విషయంలో మనకు రెండు చెడ్డ అలవాట్లు ఉన్నాయి. ఒకటి, 'చాలా బాగుంది సార్, అద్భుతం మేడం'. రెండోది, తాను చదివిన సిద్ధాంతకర్తల పేర్లన్నీ వల్లించి 'వీళ్లను చదవలేదా?' అనడం. ఒకదానిలో మర్యాద మాత్రమే ఉంది, రెండోదానిలో ప్రదర్శన మాత్రమే ఉంది.

ఉదాహరణకు, చేనేత సహకార సంఘాల మీద పనిచేస్తున్న సభ్యురాలు '1990ల తర్వాత సంఘాలు క్షీణించాయి' అని రాశారనుకుందాం. 'ఆధారాలు సరిపోవు' అనే వ్యాఖ్యతో ఆమె ఏమీ చేయలేదు. దీన్ని చూడండి: 'క్షీణత అంటే నాలుగో పేజీలో సభ్యుల సంఖ్య తగ్గడం అన్నారు, ఏడో పేజీలో అమ్మకాలు తగ్గడం అన్నారు. సభ్యులు తగ్గినా అమ్మకాలు పెరిగిన సంఘం ఉంటే దాన్ని ఏ గాటన కడతారు? రెండిట్లో ఒకటి ఎంచుకుంటే ఐదో పేజీ పట్టిక అవసరం లేదేమో.' ఇందులో పేజీ ఉంది, చిక్కు ఉంది, దాటే దారి ఉంది. మంచి వ్యాఖ్యకు ఈ మూడూ ఉండాలి. కనీసం మొదటి రెండైనా ఉండాలి.

బాగున్న చోటును కూడా పేజీతో సహా చెప్పండి. 'ఆరో పేజీలో మగ్గం కార్మికుడి మాటలు పెట్టిన చోటు వదులుకోకండి, మీ వాదన మొత్తం అక్కడే ఉంది' అన్న ఒక్క మాట, పది 'అద్భుతం'లకు సమానం. అదే అసలైన ప్రోత్సాహం.

చర్చ ముగిసిన రెండు రోజుల్లో రాసినవారు, ఏయే సూచనలు తీసుకుంటున్నారో, ఏవి తీసుకోవడం లేదో, ఎందుకో నాలుగు వాక్యాలు పంపాలి. సూచన తిరస్కరించే హక్కు వారికి ఉంది. గైడు మాటకూ బృందం మాటకూ పొత్తు కుదరకపోతే చివరికి గైడు మాటే నడుస్తుంది. ఈ సంగతి దాచి మాట్లాడుకోవడంలో ప్రయోజనం లేదు.

6. ఆధారాలు పంచుకోవడం

బృందం చెల్లాచెదురుగా ఉండటమే ఇక్కడ కలిసొస్తుంది. తెలుగు పరిశోధకుడికి కావలసిన పాత పత్రికలు, పుస్తకాలు ఒకచోట లేవు. వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం, రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదులో 1901లో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం, తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర పురాలేఖన కేంద్రం (స్టేట్ ఆర్కైవ్స్) ఇలా విడివిడిగా ఉన్నాయి. ఎవరు ఏ ఊరికి దగ్గరో రాసుకోండి. గ్రంథాలయానికి వెళ్లేవారు వారం ముందు చెబితే మిగతావారు తమకు కావలసిన సంచిక, పేజీ వివరాలు ఇస్తారు. ఫొటో తీయడానికి గ్రంథాలయం అనుమతి అడగాలి. పత్రిక పేరు, సంపుటి, సంచిక, తేదీ కనిపించే ముఖపత్రాన్ని మొదట తీసి, తర్వాతే కావలసిన పేజీ తీయాలి. ముఖపత్రం లేని ఫొటోను పాదసూచికలో ఉదహరించలేరు.

బయలుదేరే ముందు శోధ్‌గంగలో వెతకండి. దేశంలోని విశ్వవిద్యాలయాలు సమర్పించిన సిద్ధాంత గ్రంథాలు అందులో ఉచితంగా చదవవచ్చు. మీ అంశానికి దగ్గరగా ఉన్న థీసిస్ గ్రంథసూచిని చూస్తే ఏ గ్రంథాలయానికి వెళ్లాలో తెలుస్తుంది. అంతర్జాతీయ పత్రికల విషయానికొస్తే, 2025 జనవరి నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకం కింద కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ విద్యాసంస్థలకు 30 మంది ప్రచురణకర్తల సుమారు 13,000 పత్రికలు అందుబాటులోకి వచ్చాయి. మీ కళాశాల అందులో నమోదై ఉందేమో గ్రంథపాలకుడిని అడగండి. లాగిన్‌లు పంచుకోవద్దు. దొరకని వ్యాసం కోసం రచయితకు మర్యాదగా ఈమెయిలు రాస్తే చాలామంది పంపిస్తారు. ఆ ఈమెయిలు ఎలా రాయాలో ఒక నమూనా బృందం ఫోల్డరులో ఉంచండి.

7. దళారులు, నకలు

డబ్బు తీసుకుని పేపర్లు వేయిస్తామని, థీసిస్ రాసిపెడతామని సందేశం పెట్టినవారిని చర్చ లేకుండా తీసేయండి. మొహమాటంతో ఒకరిని ఉంచితే పదిమంది వస్తారు. ప్రామాణికమైన పత్రికలను సూచించే యూజీసీ-కేర్ జాబితా 2025 ఫిబ్రవరిలో రద్దయింది కాబట్టి పత్రిక మంచిదో కాదో తేల్చే భారం ఇప్పుడు మరింతగా పరిశోధకుల మీదే ఉంది. బృందంగా చూడండి: సంపాదకవర్గంలోని వారు నిజంగా ఉన్నారా, పాత సంచికలు తెరుచుకుంటున్నాయా, వారంలో సమీక్ష పూర్తి చేస్తామంటున్నారా, డబ్బు ఏ దశలో అడుగుతున్నారు. 2022 నిబంధనలు థీసిస్ సమర్పణకు ప్రచురణ తప్పనిసరి అన్న పాత షరతును తీసేశాయి, అయినా మీ విశ్వవిద్యాలయం సొంత నియమం చూసుకోవాలి.

నకలు విషయంలో యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పది శాతం వరకు పోలికకు శిక్ష లేదు, 10 నుంచి 40 శాతమైతే సవరించి మళ్లీ ఇవ్వాలి, 40 నుంచి 60 అయితే ఏడాది ఆగాలి, 60 దాటితే నమోదు రద్దవుతుంది. ముసాయిదాలను దారినపోయే తనిఖీ సైట్లలో పెట్టకండి. కొన్ని సైట్లు పెట్టినదాన్ని తమ దగ్గర దాచుకుంటాయి, చివరికి మీ థీసిస్ మీ ముసాయిదాతోనే పోలుతుంది. విశ్వవిద్యాలయ గ్రంథాలయం ద్వారానే తనిఖీ చేయించుకోండి.

8. చెడ్డ రోజులు

ఫెలోషిప్ నెలల తరబడి రాదు, గైడు బదిలీ అవుతారు, క్షేత్రంలో సమాచారం దొరకదు, ఇంట్లో 'ఇంకా ఎన్నాళ్లు?' అంటారు. నెలకోసారి పని గురించి కాక ఇలాంటి వాటి గురించే మాట్లాడుకునే గంట పెట్టుకోండి. అందులో మాట్లాడుకున్నదేదీ రాసిపెట్టకూడదు, రికార్డు చేయకూడదు.

అయితే బృందానికి హద్దులున్నాయి. ఎవరైనా బతకాలని లేదన్న ధోరణిలో మాట్లాడితే సలహాలు ఇవ్వడానికి కూర్చోకండి. వెంటనే ఫోను చేయండి, దగ్గరివారికి చెప్పండి, మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరు ఇవ్వండి. ఉచితం, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. లైంగిక వేధింపుల విషయమైతే విశ్వవిద్యాలయ అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉంది, ఘటన జరిగిన మూడు నెలల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఫిర్యాదు చేయాలా వద్దా అన్న నిర్ణయం బాధితురాలిదే. బృందం చేయగలిగింది, తోడు వెళ్లడం, తేదీలు రాసిపెట్టడంలో సాయపడటం.

ప్రసవం వల్లనో అనారోగ్యం వల్లనో విరామం తీసుకున్నవారి స్థానం ఖాళీగానే ఉంచండి. స్త్రీలకు పీహెచ్‌డీ కాలంలో 240 రోజుల వరకు ప్రసూతి, శిశుసంరక్షణ సెలవు, గడువులో అదనంగా రెండేళ్ల సడలింపు ఉన్నాయని చాలామందికి తెలియదు, మొదటి సమావేశంలోనే చెప్పండి. తిరిగి వచ్చినవారిని 'ఇన్నాళ్లు ఏమైపోయారు?' అని అడగకుండా తర్వాతి మౌన రచనకు లింకు పంపితే చాలు.

9. నడిపించేవారు, ముగింపు

సమన్వయకర్త ప్రతి సెమిస్టరూ మారాలి. మొదలుపెట్టినవారే ఏళ్ల తరబడి నడిపితే వారు అలసిపోయిన రోజున బృందమూ ఆగుతుంది. వరసగా మూడు సమావేశాలకు రానివారికి సమన్వయకర్త ఒకసారి ఫోను చేయాలి. ఇష్టం లేకపోతే వెళ్లిపోవడం తేలికగా ఉండాలి, సంజాయిషీ అడగకూడదు. ఎప్పుడూ తన ముసాయిదా పెట్టి ఇతరులది చదవనివారి విషయంలో నియమం సూటిగా ఉండాలి: రెండు చదివితేనే ఒకటి పెట్టే వంతు వస్తుంది.

థీసిస్ సమర్పించబోతున్నవారు సమర్పణకు ముందు జరిగే ప్రదర్శనకూ, వైవాకూ బృందం ముందు రిహార్సల్ చేయాలి. మిగతావారు పరీక్షకుల్లా ప్రశ్నలు వేస్తారు, ఆ ప్రశ్నల జాబితా ఫోల్డరులో చేరుతుంది. పట్టా వచ్చాక వారు ఒక్క సెమిస్టరు చదువరులుగా ఉండి తప్పుకోవాలి. సగం మంది పూర్తిచేసేసరికి కొత్తవారు రాకపోతే బృందాన్ని లాగకండి, మూసేయండి. మూసేముందు ముసాయిదాల ఫోల్డరు తొలగించండి. ఒడంబడికనూ, గ్రంథాలయాల పట్టికనూ, వైవా ప్రశ్నలనూ కొత్తగా మొదలుపెట్టేవారికి ఇవ్వండి. జొటేరో గ్రూపు యాజమాన్యాన్ని వారిలో ఒకరి పేరుకు మార్చండి.